అక్క చేసిన ఫోన్లు

అక్క పోయిందన్న కబురు మా పాత క్లాసు గ్రూపులో వచ్చింది. పొద్దున్నే ఫోను చేతిలోకి తీసుకుంటే రమణ పెట్టిన రెండు లైన్లు కనిపించాయి. పెందుర్తిలో వాళ్ళింట్లోనే, తెల్లవారుతుండగా పోయిందట. ఒంట్లో బాగుండడం లేదని తెలుసు గానీ ఇంత దగ్గరికి వచ్చేసిందని తెలీదు. ఆ రెండు లైన్ల కింద వరసగా దణ్ణాలు పెట్టారు అందరూ. ఆ దణ్ణాల మధ్యలో, పైన ఏం జరిగిందో చూసుకోకుండా, మాతో చదివిన ఒకడు తను రోజూ పంపే గులాబీపువ్వు పంపించాడు. మంచు బిందువులతో సహా, శుభోదయం అంటూ.

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి "ఏంటంత జోకు?" అంది. చెప్పలేకపోయాను. ఎందుకంటే సరిగ్గా ఈ పువ్వు గురించే అక్క మాకొకసారి పాఠం చెప్పింది.

"సావు కబురు మద్దిలో ఎవడో ఒకడు పువ్వెట్టాల్రా. ఎట్టకపోతే అది గ్రూపు కాదు, నాటకం."

నవ్వడం అయ్యాక ఏడుపొచ్చింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచిన వాళ్ళు మాలో ఎవరూ లేరు, అందరికీ అక్కే. విశాఖలో మేం సినిమా కోర్సు చదివేటప్పుడు మేమంతా డిగ్రీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళం. ఆమె మాకంటే బాగా పెద్ద. పరవాడలో ఒక మందుల కంపెనీలో సీసాల మీద లేబుళ్ళు సరిచూసే ఉద్యోగం కొన్నేళ్ళు చేసి, ఒకరోజు మానేసి, మా పక్కన వచ్చి కూర్చుంది. ఎందుకు మానేశావక్కా అంటే, "ఆ సీసాల మీద అచ్చరాలు ఎవులూ సదవరు. సదివేది నానొక్కదాన్నే. ఇసుగొచ్చీసింది" అనేది. సన్నటి మనిషి. ఎప్పుడూ చున్నీ నడుముకి బిగించి కట్టుకుని ఉండేది, ఎవరితోనో గొడవకి వెళ్తున్నట్టు. ఏదైనా నచ్చితే నోటితో చెప్పేది కాదు, నాలుక మీద చిటికెడు పంచదార వేసినట్టు పెదాలు చప్పరించేది. మా పనికి ఆ చప్పుడు వస్తే ఆ రోజు మాకు పండగ.

ఆఖరి సంవత్సరం రమణ డైరెక్టరుగా, నేను ఎడిటరుగా ఒక చిన్న సినిమా మొదలుపెట్టాం. చేపల వేటకి వెళ్ళిన మొగుడి కబురు కోసం ఎదురుచూసే కొత్త పెళ్ళాం కథ. నడిసముద్రంలో తీయడానికి మా దగ్గర ఏమీ లేదు. అందుకని సముద్రం మీద జరిగేదంతా ఆ అమ్మాయి చేతిలోని ఫోనులోనే కనిపించాలి. రమణ ఉత్సాహంగా ఒక ఫోను తెర తయారుచేసి తెచ్చి క్లాసులో గోడ మీద వేశాడు. తెల్లటి తెర, పైన మొగుడి పేరు, మధ్యలో ఒకే ఒక మెసేజి: 'నేను బయలుదేరాను.'

అక్క వెనక బెంచీలోంచి లేచింది.

"ఈళ్ళకి పెళ్ళయి ఎన్నాళ్ళయిందిరా?"

"ఆర్నెల్లు అక్కా."

"ఆర్నెల్లకీ కలిపి ఈ ఒక్క మాటేనేటి మాటాడుకున్నారు?"

క్లాసంతా నవ్వింది. రమణ మొహం మాడిపోయింది. ఆమె ఊరుకోలేదు. తెర దగ్గరికి వెళ్ళి మూల వేలితో పొడిచింది.

"ఈ బేటరీ ఏటి, వంద సూపిత్తంది? వంద ఉన్నోడికి కట్టాలేటుంటాయిరా?"

ఆ సాయంత్రమే రమణ ఆమె దగ్గరికి వెళ్ళి, ఫోన్లన్నీ నువ్వే చెయ్యి అక్కా అని బతిమాలుకున్నాడు. చప్పరించింది.

చేయమంటే ఆమె ఏం చేసిందంటే, ఆ కథలో లేని ఆర్నెల్ల కాపురాన్ని రాసుకుంటూ వెళ్ళింది. ఉప్పు ఎక్కువైన పులుసు మీద గొడవ. గొడవ తర్వాత రెండు రోజులు మెసేజిల్లేవు. మూడో రోజు అతను పంపిన ఎండ్రకాయ ఫోటో, దానికి ఈమె పెట్టిన మూతి ముడుచుకున్న బొమ్మ. అత్తగారి మోకాలి నొప్పి. పొరపాటున నొక్కుకున్న ఏవో నాలుగక్షరాలు. టైపు చేసి, పంపించకుండా చెరిపేసిన మాటలు కూడా ఆమె దగ్గర ఉండేవి. చెరిపేశాక ఇంకెవరికి కనిపిస్తాయని అడిగితే, "ఆ గుంటకి తెలుసు కదా" అంది. గుంట అంటే మా కథలో అమ్మాయి.

ఎడిటింగ్ గదిలో కూర్చుని నేను గొణిగాను. "తెర మీద ఇది రెండు క్షణాలు కూడా ఉండదు కదక్కా. ఇదంతా ఎవరు చూస్తారు?"

"ఆ గుంట యేలెట్టి పైకి జరిపిందనుకో. పైన ఏటీ లేకపోతే దాని మొకంలో కూడా ఏటీ ఉండదు. నువ్వప్పుడు ఏటి అతికిస్తావు?"



పెందుర్తి నుంచి వచ్చే బస్సు ఆమెకి లైబ్రరీ. పక్కవాళ్ళ ఫోన్లలోకి తొంగి చూసేది. వాళ్ళ మాటలు చదవడానికి కాదు, వెలుగు ఎంత పెట్టుకున్నారో, అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నారో, పగిలిన గాజు మీద వేలు ఎలా తప్పించి నడుపుతున్నారో చూడటానికి. ఒకసారి నేను పక్కనుండగానే ఒక పెద్దాయన పట్టేశాడు.

"ఏటమ్మా, నా ఫోన్లోకి సూత్తన్నావు?"

నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగిపోయాను. అక్క మాత్రం తడుముకోలేదు.

"మీ అచ్చరాలు ఎంత బాగున్నాయి బాబూ! అంత పెద్దవి ఎలా సేసినారు?"

ఆయన మొహం విప్పారింది. మనవరాలు చేసిపెట్టిందని చెప్పి, దిగవలసిన స్టాపు దాటిపోయేదాకా తన ఫోనంతా తిప్పి తిప్పి చూపించాడు. మందుల చీటీ ఫోటోలు, దేవుడి ఫోటోలు, బొటనవేలు అడ్డుపడిన మనవరాలి ఫోటోలు. బస్సు దిగాక అక్క అంది: "సూసినావా? ఫోను మనకి సూపించేది కాదు. మన సేతిలోంచి ఎవరో లాక్కుని సూసీసినప్పుడు ఎలా ఉంటాదో, తెర మీద అలాగుండాల."

సినిమాలో వాడే ఫోను కూడా కొత్తది వద్దంది. వన్ టౌన్ సందుల్లో తిరిగి ఒక వాడేసిన ఫోను తెచ్చింది. చెవి దగ్గర పెట్టుకునే చోట దాని రంధ్రాల్లో పోర్టు బొగ్గు దుమ్ము నల్లగా పట్టి ఉంటే తుడవనివ్వలేదు. పైగా కవరు మూలలో ఒక చేప పొలుసు అతికించింది. ఫోను పట్టుకుంటే చేతికి కొద్దిగా కంపు వచ్చేది. మా హీరోయిన్ మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకునేది, వారం తిరిగేసరికి జాకెట్లో దోపుకుంటోంది.

మేం షూటింగు పెట్టుకున్నది ఫిషింగ్ హార్బరుకి కొద్ది దూరంలో ఒడ్డు మీదున్న ఒక పేటలో, మరిడమ్మ అనే ఆమె ఇంట్లో. మరిడమ్మ నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది. ఆమె మొగుడు వేట బోటు మీద పనిచేస్తాడు. ఇల్లు వాడుకుంటామని అడిగితే మమ్మల్ని ఎగాదిగా చూసి "ఎన్ని బువ్వలొండాల?" అంది, అంతే. అక్కకీ ఆమెకీ రెండో రోజుకే జట్టు కుదిరిపోయింది. మేం లైట్లు సర్దుకుంటుంటే వాళ్ళిద్దరూ అరుగు మీద ఫోన్లు ముందేసుకుని కూర్చునేవారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వచ్చి తమ ఫోన్లు ఇచ్చేవారు.

ఆ ఫోన్లు చూసి అక్క తన ఆర్నెల్ల రాతలో సగం తీసి అవతల పారేసింది. ఎందుకంటే వాళ్ళలో చాలామంది చదవరు. ఫోన్లో పేర్లుండవు, బొమ్మలుంటాయి. మొగుడికి పడవ బొమ్మ, అన్నకి కోడిపుంజు, ఐసు అమ్మేవాడికి మంచుగడ్డ. రాసిన మెసేజిలు ఉండవు, అన్నీ గొంతులే. బోట్ల కబుర్ల కోసం వాళ్ళకొక గ్రూపుంది. దాన్నిండా గాలి హోరులో, ఇంజను మోతలో అరిచిన మగవాళ్ళ గొంతులు. బోట్లు ఒడ్డుకి దగ్గరై సిగ్నలు తగిలినప్పుడు ఒక్కసారిగా వచ్చి పడతాయి.

అక్క మా కథ కోసం సరిగ్గా అలాంటి గ్రూపొకటి తయారుచేసింది. హార్బరుకి వెళ్ళి, బోటు నడిపే డ్రైవరు ఒకాయన్ని పట్టుకుని, ఆగిన ఇంజను మళ్ళీ తిప్పించి, ఆయన చేత ఒక మాట చెప్పించి రికార్డు చేసింది: 'నూకాలమ్మ బోటు కనపడతా లేదు. రేత్రి నుంచి ఎతుకుతన్నాం. గాలెక్కువగుంది.' సినిమాలో అమ్మాయి వినవలసిన కబురు అది. అమ్మాయి నొక్కితే నిజంగా వినపడేలా పెట్టింది. "విన్నట్టు నటించక్కర్లేదు, వినమనీ" అంది. ఆ దృశ్యం తీసిన రోజు మా హీరోయిన్ గ్లిజరిను అడగలేదు. ఆ సాయంత్రం మా మాస్టారు ఆ ముక్క చూసి, ఇన్నేళ్ళలో విద్యార్థులు చేసిన ఫోను తెరల్లో ఇంత నిజమైంది చూడలేదన్నారు. అక్క తల దించుకుని చప్పరించింది. తన పనికి తాను చప్పరించడం అదొక్కసారే విన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం మేమంతా ఇసుకలో ఇంకో దృశ్యం తీస్తున్నాం. ఆ దృశ్యంలో ఫోను లేదు కాబట్టి దాన్ని మరిడమ్మ ఇంటి అరుగు మీదే వదిలేశాం. కాసేపటికి పేటలోంచి ఒక అరుపు వినబడింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే ఆడవాళ్ళు ఇళ్ళలోంచి బయటపడి హార్బరు వైపు పరిగెత్తడం మొదలుపెట్టారు. ఒకామె చేతికి పిండి అలాగే ఉంది. ఒకామె కొప్పు ఊడిపోయింది. అందరికంటే ముందు మరిడమ్మ, నెత్తి మీద చేతులు పెట్టుకుని.

రమణ "ఏమైందిరా?" అన్నాడు. అక్కకి మాత్రం వెంటనే అర్థమైంది. 

"ఫోను" అంది.

జరిగిందేమిటంటే, అరుగు మీద వెలుగుతున్న ఫోను మరిడమ్మ చూసింది. తమ గ్రూపులాగే ఉంది, పక్కన బోటు బొమ్మ ఉంది. నొక్కింది. మేం కథలో బోటుకి ఊరికే పెట్టుకున్న పేరు అది గానీ, ఆ పేటకి నూకాలమ్మ పేరుతో నిజంగానే ఒక బోటుంది. ఆమె మొగుడు దాని మీదే వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు.

అక్క చెప్పులు విడిచేసి ఇసుకలో పరిగెత్తి, దారికి అడ్డంగా వాళ్ళ ముందు నిలబడింది. వెనకాలే మేం. "అమ్మా, ఆగండమ్మా! అది సినిమా ఫోను. ఆ మాట అబద్దం. నాను సేసినాను!"

మరిడమ్మ ఆగింది. రొప్పుతూ అక్క కళ్ళల్లోకి చూసింది.

"నువ్వెలా సేత్తావు? ఆ గొంతు మా బోట్ల మడిసిది. ఆ మోత బోటు మోత. మమ్మల్ని ఊరుకోబెట్టడానికి అంటన్నావు."

"కాదమ్మా, నీ మీదొట్టు."

"ఒట్లెయ్యకు! సెప్పు, ఆడేటైపోనాడు?"

ఆడవాళ్ళు చుట్టూ మూగిపోయారు. అక్క ఎంత చెప్పినా నమ్మడం లేదు. నెలల తరబడి ఎవరూ అబద్ధమని పట్టుకోలేనట్టు చెయ్యాలనే కదా ఆమె తపన పడింది. ఇప్పుడు అది అబద్ధమని నమ్మించడం ఆమెకే చేతకావడం లేదు. వెనక నుంచి ఒకామె భోరుమని ఏడుపు అందుకుంది.

అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి "లేప్‌టాపు తే, బేగి" అంది. అరుగు మీది ఫోను కూడా పట్టుకుని తెచ్చాను. ఆ ఎండలో ఇసుక మీద చతికిలబడి, వాళ్ళందరూ చూస్తుండగా, దాన్ని తెరిచింది. దానికే నోరు దగ్గరగా పెట్టి గట్టిగా పలికింది: "ఇందుమూలంగా అందరికీ తెలియజేయునది ఏటంటే, మన మరిడమ్మ రేపట్నుంచి జిల్లా కలెక్టరు. పిల్లీ కుక్కా అందరూ వచ్చి దణ్ణాలెట్టాల."

ఏవో రెండు మీటలు నొక్కింది. అదే ఫోను, అదే గ్రూపు, అదే బోటు బొమ్మ పక్కన, ఇందాకటి కబురు మాయమై కొత్తది వచ్చింది. ఫోను మరిడమ్మ చేతిలో పెట్టి "నొక్కమ్మా" అంది.

మరిడమ్మ నొక్కింది. అక్క గొంతు వినబడింది. రేపట్నుంచి జిల్లా కలెక్టరు.

 వెనకాల ఏడుస్తున్నామె ఆ ఏడుపులోనే ఫక్కున నవ్వింది. "ఓలమ్మో, కలెక్టరంటే మరిడీ!" అని ఇంకొకామె. నవ్వు గుంపంతా పాకింది. మరిడమ్మ మాత్రం నవ్వలేదు. కింద కూర్చున్న అక్కని రెక్క పట్టుకుని లేపి, చెంప మీద ఈడ్చి ఒక్కటి కొట్టింది.

"మా ఫోన్లు నీకు సూపించినాం. మా కాడే సూసి, మా మీదకే ఎట్టినావా?"

రమణ ముందుకు రాబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చెంప తడుముకోలేదు. "అవునమ్మా" అంది. 

షూటింగు ఆగిపోయింది. మేం సామాను సర్దుకుని వచ్చేశాం. అక్క రాలేదు. నూకాలమ్మ బోటు వచ్చేదాకా ఇక్కడే ఉంటానంది. కబురు అబద్ధమని తెలిసినా, ఒకసారి చెవిన పడ్డాక అది మనసులోంచి పోదు. మరిడమ్మ ఆమెని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చీకటి పడ్డాక కంచంలో అన్నం పెట్టి అరుగు మీదకి తోసిందట.

మర్నాడు పొద్దున నేను అక్కకి బట్టలు పట్టుకుని వెళ్ళేసరికి ఇద్దరూ హార్బరు జెట్టీ మీద ఉన్నారు. వేలంపాటలు మొదలయ్యాయి, కాళ్ళ కింద ఐసు నీళ్ళు పారుతున్నాయి. మరిడమ్మ ఒక స్తంభానికి ఆనుకుని, ఫోను గుప్పిట్లో పెట్టుకుని నిలబడి ఉంది. నిద్రలేని కళ్ళు. అక్క ఆమెకి ఒక అడుగు వెనక ఉంది.

ఫోను మోగింది. పడవ బొమ్మ. మరిడమ్మ వెంటనే ఎత్తలేదు. గుండెకి ఆనించుకుని రెండు మోతలు మోగనిచ్చింది. ఎత్తి, అవతలివాడు నోరు తెరవకముందే తిట్లు అందుకుంది. "సచ్చినోడా, ఎక్కడున్నావు? ఫోను సెయ్యడానికి సేతులు పడిపోనాయేటి? బువ్వ తిన్నావా లేదా?" పాపం, పోర్టు క్రేన్లు కనబడే దూరానికి వచ్చి సిగ్నలు తగలగానే ఫోను చేసిన ఆ మనిషికి తన తప్పేమిటో ఎప్పటికీ తెలిసి ఉండదు.

నేను అలవాటు కొద్దీ ఆ ఫోను తెర వైపు చూశాను. అక్క చూడలేదు. నెలల తరబడి ఎవరి చేతిలో ఫోను కనిపించినా మెడ చాచిన మనిషి, మరిడమ్మ మొహాన్నే చూస్తోంది. ఫోను పెట్టేశాక మరిడమ్మ వెనక్కి తిరిగి, అక్క చెంప మీద నిన్న కొట్టిన చోట అరచెయ్యి ఆనించి, "ఎల్లు, ఎల్లి తొంగో" అంది.

 వచ్చేటప్పుడు ఆటోలో అక్క అంది: "కెమెరా తప్పు సోట ఎట్టినామురా మనం."

ఆ వారం ఎడిటింగ్ గదిలో నా పక్కన కూర్చుని తన తెరలన్నీ తనే కోయించేసింది. బోటు కనపడడం లేదన్న కబురు మొత్తం తీసేయించింది. మాస్టారు మెచ్చుకున్నదే కదక్కా అన్నాను. "కొయ్యి" అంది. ఆర్నెల్ల కాపురం, ఎండ్రకాయ, పులుసు గొడవ, చెరిపేసిన మాటలు, అన్నీ కోసేశాం. అమ్మాయి మొహం మాత్రం మిగిలింది. ఆ మొహం ఎందుకు అంత నిండుగా ఉందో చూసేవాళ్ళకి తెలీదు, నాకు తెలుసు. ఆఖర్న ఒకే ఒక తెర ఉంచింది. చీకట్లో వెలిగే పడవ బొమ్మ, మోత. అమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టుకోవడంతో సినిమా అయిపోతుంది. అవతల ఎవరో, ఏం చెప్పారో ఉండదు. రమణకి అలా వదిలేయడం చాలా ఇష్టం.

కాలేజీలో వేయకముందే పేటలో వేయాలని అక్క పట్టుబట్టింది. ముందుగా తనే వెళ్ళి మరిడమ్మకి కథంతా చెప్పి, ఇది అబద్ధమని మొదటే అందరికీ చెప్పి, సరేననిపించుకుంది. ఒక సాయంత్రం పొద్దు వాలాక కమ్యూనిటీ హాలు తెల్లగోడ మీద సినిమా వేశాం. ఆడవాళ్ళు ఇసుకలోనే కూర్చున్నారు. బోటు దిగిన మగవాళ్ళు వెనక నిలబడ్డారు. తమ అరుగు తెర మీద కనబడగానే మరిడమ్మ "మాదే, మా అరుగే" అని చుట్టూ చెప్పుకుంది.

అక్క ప్రొజెక్టరు పక్కన, చున్నీ కొసని పంటి కింద పెట్టుకుని నిలబడింది. ఆఖరి దృశ్యం వచ్చింది. గోడ నిండా పడవ బొమ్మ వెలిగి, ఫోను మోగడం మొదలైంది. తెర మీది అమ్మాయి దూరంగా, చేపలు కడుగుతూ, వినిపించుకోలేదు.

"ఒలే, ఫోనెత్తవే!" అని అరిచింది మరిడమ్మ.

అబద్ధమని వాళ్ళందరికీ తెలుసు. అయినా గుంపంతా అందుకుంది. "ఎత్తవే గుంటా! ఎత్తు!" ఒకామె లేచి నిలబడి గోడ వైపు చెయ్యి ఊపింది. అమ్మాయి వింది, తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది, ఎత్తింది. గోడ నల్లబడింది. అంతా హమ్మయ్య అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

మరిడమ్మ మాత్రం లేచి మా దగ్గరికి వచ్చింది.

"మరి ఆడొచ్చీసినాడా ఇంటికి?"

రమణ గొంతు సవరించుకున్నాడు. అది మేం కావాలనే చెప్పలేదనీ, చూసేవాళ్ళ ఊహకే వదిలేశామనీ ఏదో మొదలుపెట్టాడు. అక్క అతన్ని మోచేత్తో పక్కకి నెట్టేసి మరిడమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చీసినాడమ్మా" అంది. "కాళ్ళు కడుక్కుని బువ్వ తింటన్నాడు."